మరక పడని నూనె

"కలిపే పుయ్యల్ల తల్లీ. ఉత్తది పూస్తే మండుతాది. ముందు నీళ్ళతో బాగా కడుగు, ఇసుకుంటే తియ్యి. చెంచాడు చెనిక్కాయ నూనెలో ఒక్క చుక్క, అంతే. లోతుగా తెగింటే మాత్రం ఆ సీసా పక్కన పెట్టి డాక్టరు దగ్గరికి తీసకపో."

పొద్దున ఫోనులో నువ్వు అడిగినదానికి ఇంత మాత్రం చెప్పి ఊరుకున్నాను. మీ తమ్ముడు సైకిలు మీది నుంచి పడి మోకాలు గీసుకున్నాడని, షాపులో కొన్న గడ్డినూనె నేరుగా పూయొచ్చా అని నువ్వు సీసాను ఫోను ముందు పెట్టి చూపించావు. వాసన ఫోనులో రాదు కదా. అయినా నాకు వచ్చింది. అంత కచ్చితంగా నీకెట్లా తెలుసు అవ్వా అని నువ్వు అడిగేసరికి వాడు ఏడుపు అందుకున్నాడు. ఆ మాట అక్కడే ఆగిపోయింది. ఇప్పుడు వాడు నిద్రపోయి ఉంటాడు కాబట్టి మిగతాది చెబుతాను, నిదానంగా విను.

మాది మగ్గం ఇల్లు. ధర్మవరంలో పట్టు చీరలు నేసే వీధి. గడప దాటగానే మగ్గం, దాని వెనక పొయ్యి, మిగిలిన చోట్లో మేము. నాయన మగ్గం గుంటలో కాళ్ళు పెట్టుకుని కూర్చుంటే, ఆయన తమ్ముడు, మా చిన్నాయన, పక్కన కూర్చుని అంచు వైపు నాడె అందించేవాడు. నాడె అంటే దారం మోసుకుంటూ పట్టు పోగుల మధ్య అటూ ఇటూ ఉరికే చిన్న చెక్క. ఆ దారం కండెలు చుట్టే పని నాది. చుట్టే పని కంటే చిక్కులు వేసే పని ఎక్కువ చేసేదాన్ని అనేది అవ్వ, అంటే మా నాయన వాళ్ళమ్మ.

ఆ ఇంట్లో దేవుడికి కూడా అంత భయపడేవాళ్ళం కాదు, నూనెకు భయపడేవాళ్ళం. పట్టు మీద నీటిచుక్క పడితే ఆరిపోతుంది. నూనెచుక్క పడితే చీర పోయినట్టే. తలంటు రోజు అవ్వ నా తలకు నూనె రాసి గుడ్డ చుట్టిందంటే, కుంకుడు రసంతో తల తోమేదాకా పెరట్లోంచి లోపలికి రానిచ్చేది కాదు. ఉగ్గాణి, బజ్జీ తిన్న పూట మరీ కష్టం. బూడిదతో ఒకసారి, సీకాయతో ఒకసారి చేతులు కడుక్కుని పోయి నాయన ముక్కు దగ్గర పెట్టాలి.

"వాసన వస్తాండాది. పో, మళ్ళా కడుక్కో."

"వాసన నీ మీసాల్లోది నాయనా! బజ్జీ నువ్వూ తింటివి గదా!"

అట్లాంటి ఇంట్లోకి మా చిన్నమ్మ నూనె సీసాతో కాపురానికి వచ్చింది.

చిన్నాయన పెళ్ళాం ఆమె. తనకల్లు వైపు కొండల కింద ఉండే పల్లె ఆమెది. నేతపని ఆ ఇంటికి తెలియదు. వాళ్ళ నాయన వాసన కసువు కాచేవాడు, అంటే వాసన గడ్డిని ఉడికించి నూనె తీసేవాడు. వాన పడ్డాక కొండ మీద ఆ కసువు నిలువెత్తు పెరిగి పూతకు వస్తుంది. దాన్ని కోసి, పెద్ద రాగి బానలో కుక్కి, కింద మంట పెడితే, ఆవిరి గొట్టంలోంచి పోయి నీళ్ళ తొట్టిలో చల్లబడి, నీళ్ళ మీద పసుపుపచ్చ తేటగా నూనె తేలుతుంది. బండెడు కసువు కాస్తే దక్కేది కొంచెమే. అదంతా కంట్రాక్టరు తీసుకుపోతాడు. పనివాళ్ళకు మిగిలేది కొడవలి గాయాలకు పూసుకునే పాటి. వానలు తక్కువైన ఏడు కసువు మోకాలెత్తే పెరుగుతుందనీ, అయితే ఆ ఏడు నూనెకు వాసన ఎక్కువనీ చిన్నమ్మ చెప్పేది. ఆమె పెట్టె తెరిస్తే చీరలన్నీ అదే వాసన. నిమ్మకాయా కాదు, గులాబీ కాదు, రెంటికీ మధ్య ఎండిన నేల వాసన.

"ఏమ్మే, చీరల మధ్యలో నూనె పెట్టుకోనొచ్చినావు! బుద్ధుండాదా నీకు?" అని అవ్వ మొదటి రోజే గుండెలు బాదుకుంది.

చిన్నమ్మ నవ్వి పెట్టె మూత వేసింది.

ఆ ఏడు చెనిక్కాయలు పీకే రోజుల్లో అమ్మ పురిటికి పుట్టింటికి పోయింది. నన్ను చూసుకునేది చిన్నమ్మే. సరిగ్గా అప్పుడే నాయన వేలికి దెబ్బ తగిలింది. నాడె చీలి, చెక్క పేడు చూపుడు వేలి మొదట్లో లోతుగా దిగింది. మగ్గం మీద ఉన్నది సావుకారు ఇంటి పెళ్ళి చీర. ఉల్లిపొర రంగు, పూసంత తేడా వచ్చినా కనిపించే రంగు. మాకు పడుగు, అంటే మగ్గానికి ఎక్కించే నిలువు పోగులు, ఇచ్చేది ఆ సావుకారే. ఆయన పడుగు ఇవ్వకపోతే మా మగ్గం ఉత్త కట్టె.

వేలికి పసుపు పెడితే పట్టుకు పసుపు అంటుతుంది. గుడ్డ కడితే గుడ్డ పీచు పోగులకు తగులుకుంటుంది. వేపనూనె అని అవ్వ నోరు తెరవబోతే నాయన అరిచాడు, "నూనెనా? పట్టు మీదనా? ఏమ్మా, నన్ను గుంటలోనే పూడుస్తావా?" అందుకని పుండు అట్లాగే పెట్టుకుని నేసేవాడు. నాడె తోసిన ప్రతిసారీ అది మళ్ళీ నోరు తెరిచేది.

బావగారి ఎదుట పడి మాట్లాడే అలవాటు ఆ రోజుల్లో లేదు. చిన్నమ్మ తలుపు చాటున నిలబడి నాతో అంది, అందరికీ వినపడేట్టు.

"పాపా, మీ నాయనకు చెప్పు. మా నూనె మరక పడదు. ఎగిరిపోతాది."

"నూనె ఎగిరిపోయేదేందే, పిట్టనా?" అంది అవ్వ.

చిన్నమ్మ ఒక పొట్లం కాగితం తెచ్చి, సీసా వంచి ఒక చుక్క వేసి, నా చేత ఎండలో పెట్టించింది. మేమందరం కాకుల్లాగా చుట్టూ కూర్చున్నాం. కాసేపు తడి మచ్చ కనిపించింది. తర్వాత అంచుల నుంచి చిన్నదవుతూ వచ్చి, చూస్తుండగానే కాగితం మామూలు కాగితమైంది. నాయన దాన్ని ఎండకు ఎత్తి పట్టుకుని అటూ ఇటూ తిప్పాడు. తర్వాత చిన్న పట్టు ముక్క మీద వేయించాడు. అదీ అంతే. ఆయన ముఖం అంత తేటగా నేను మళ్ళీ చూడలేదు.

అప్పటి నుంచి తెల్లారగానే ఆ సీసాలోంచి ఒక చుక్క వేలికి రాసుకుని, అది ఆరేదాకా ఆగి, గుంటలో దిగేవాడు. కాయలు కాసిన చేయి కదా, మంట ఆయనకు లెక్కలేదు. పుండు చీము పట్టకుండా మెల్లగా మూసుకోవడం మొదలైంది.

నేనేమో ఆ నూనెతో ఆటలు మొదలుపెట్టాను. గోడ మీద చుక్క పెట్టి మాయం చేయడం, కోడి తోక మీద వేయడం. ఒకరోజు అవ్వ తమలపాకు మీద వేశాను. అవ్వ నోట్లో పెట్టుకున్నంతసేపు లేదు, "థూ! కసువు మోపు నమిలినట్లుండాదే! ఎవురే ఈ పని చేసింది?" అని వక్కలతో సహా ఉమ్మేసింది. దెబ్బ తగిలాక నాయన మొదటిసారి నవ్వింది ఆ రోజే.

ఆ నవ్వు పోయింది నావల్లనే. నేను చేసింది నేరం కాదు, పిల్లచేష్ట. అయినా నావల్లనే.

పొయ్యి మీద పచ్చి చెనిక్కాయలు ఉప్పు వేసి ఉడికిస్తున్నారు. ఆ వాసనకు ఆగలేక, ఉడికాయో లేదో చూద్దామని కట్టెపుల్లతో ఒక కాయ లాగబోయాను. కుండ ఒరిగింది. మరుగుతున్న ఉప్పునీళ్ళు ఎడమ చేతి మీద మోచేయి దాకా పడ్డాయి. చిన్నమ్మ నీళ్ళకు పోయింది. ఆ ఏడు దగ్గరి బావి ఎండి, దూరం పోవాల్సి వచ్చేది. నాయన, చిన్నాయన పని మీద బయటికి పోయారు. ఇంట్లో ఉన్నది అవ్వ ఒక్కతే. చల్లటి నీళ్ళు కుమ్మరించింది, నన్ను ఒళ్ళో వేసుకుంది, చిన్నమ్మ సీసా తీసి ఉత్త నూనే చేతి మీద పోసింది. నాకు నిప్పు మీద నిప్పు పోసినట్టయింది. నా అరుపుకు పక్కింటివాళ్ళు పరుగెత్తుకొచ్చారట. నేను కళ్ళు గట్టిగా మూసుకున్నాను. ఆ తర్వాత గుర్తున్నది ఒక్కటే. మంట కాస్త తగ్గి, కసువు వాసనతో పాటు బజ్జీల మూకుడు వాసన లాంటిది ముక్కుకు తగలడం. ఎందుకో అది కమ్మగా అనిపించి, ఏడుస్తూనే నిద్రపోయాను.

చేయి మానుతూ వచ్చింది. చిన్నమ్మ నీళ్ళకు పోయిన వేళ అవ్వే నా చేతికి పూసేది. నాయన తన వేలికి తాను పూసుకునేవాడు, ఇప్పుడు ఆరిందో లేదో చూసుకోకుండానే. సీసా ఒక్కటే.

నేసిన గుడ్డ మగ్గం దోనెకు చుట్టుకుంటూ పోతుంది కదా, లోపలి మడతల్లో ఏముందో విప్పితే గానీ తెలియదు. సావుకారు పని చూసుకుందామని వచ్చి విప్పించాడు. ఉల్లిపొర రంగు మీద, జానకు ఒకటి చొప్పున, వేలి ముద్రంత నల్లటి నీడలు. పొర నుంచి పొరకు దిగి ఉన్నాయి. చిన్నాయన సుద్దపొడి తెచ్చి చల్లాడు, ఊదాడు, మళ్ళీ చల్లాడు. నీడ పోలేదు.

"నూనె చేత్తో పట్టు ముట్టుకున్నారేమప్పా?" అన్నాడు సావుకారు. కేక వేయలేదు. కేక వేసి ఉంటే బాగుండేది.

"నూనెనే సావుకారూ, కాదనను. అయితే అది మరక పడే నూనె కాదు. మీ కండ్లతో మీరే చూడండి," అన్నాడు నాయన. ఆయన గొంతులో అప్పటికింకా ధైర్యం ఉంది.

చిన్నమ్మ తలుపు చాటు నుంచి బయటికి వచ్చింది. బావగారి ముందు ఆమె అట్లా నిలబడటం అదే మొదలు. కాగితం మీద చుక్క వేసి ఎండలో పెట్టింది. అందరం చూస్తున్నాం. వాసన ఎగిరిపోయింది. మచ్చ పోలేదు. పోకపోగా అంచులు పాకి, కాగితం అద్దంలాగా తయారైంది. దాని కింద పరిచిన అరుగు రాయి గీతలు కూడా కనిపించాయి.

"ఎవురిచ్చినారమ్మా ఈ నూనె?"

"మా నాయన."

"అయితే మీ నాయన కల్తీ చేసినాడు."

చిన్నమ్మ ముఖం చూడాల్సింది కాదు నేను. గడపలో కూర్చున్న అవ్వ వక్క నమలడం ఆపేసింది. సావుకారు ఆ కాగితం నలిపి పారేసి, "బయటోళ్ళని నమ్మి మోసపోయినారు. మీ ఇంటి తప్పయితే ఈ పొద్దే పడుగు కోసుకోనిపోతా ఉంటి. ఈసారికి ముదురు రంగు ఇస్తా, నేయండి," అని లేచాడు.

అంటే తప్పు బయటివాడిది కాబట్టి మా మగ్గం నిలిచింది. ఈ మాట గుర్తు పెట్టుకో.

చిన్నమ్మ ఆ సీసా కొంగులో కట్టుకుని మర్నాడు పొద్దున్నే బస్సెక్కింది. పొద్దు వాలే వేళకు తిరిగి వచ్చింది. కాళ్ళు కూడా కడుక్కోకుండా పొయ్యి ముందు కూర్చుంది.

"ఏమన్నాడే మీ నాయన?" అంది అవ్వ.

"ఒప్పుకున్నాడత్తా. చెనిక్కాయ నూనె కలిపినానని చెప్పినాడు. ఇంక ఆ ఇంటి నూనె ఈ గడప తొక్కదు."

అవ్వ పొయ్యిలో పుల్ల ఎగదోసి, పెరట్లోకి పోయింది.

అప్పటి నుంచి అవ్వ తలకు నూనె పెట్టడం మానేసింది. నేను దువ్వేటప్పుడు వెంట్రుకలు దువ్వెనకు చిక్కుకుని పటపటమనేవి. "నూనె పెట్టుకో అవ్వా, గడ్డిమేటు మాదిరుండాది," అంటే, "తలనొప్పి వస్తాదిలేవే," అనేది. తలనొప్పి వస్తుందని నూనె మానేవాళ్ళు ఎక్కడైనా ఉంటారా? నాకు ఆ వయసులో అదీ తోచలేదు.

మరుసటి ఏడు కసువు కోతల కాలానికి అవ్వ, "పాప చెయ్యి మానితే కదిరి స్వామికి తలనీలాలిస్తానని మొక్కుకుంటి," అని ఇంట్లో చెప్పి నన్ను తీసుకుని బయలుదేరింది. కదిరిలో తలనీలాలు ఇచ్చింది నిజమే. అయితే అక్కడి నుంచి ధర్మవరం బస్సు కాదు, తనకల్లు బస్సెక్కించింది. బొరుగులు, బెల్లం కొనిపెట్టి, "ఇంట్లో చెప్పకు," అంది. ఎక్కడికో, ఎందుకో చెప్పలేదు.

బాన ఉన్న చోటికి వాసనే దారి చూపించింది. నూనె తీసేసిన కసువునే ఎండబెట్టి మళ్ళీ పొయ్యిలోకి తోస్తున్నాడు చిన్నమ్మ వాళ్ళ నాయన. సన్నగా, పొడుగ్గా, మంట ముందు కనుబొమలు కాలిపోయిన మనిషి. అవ్వ గుండు చూసి, "మొక్కు తీర్చుకోనొచ్చినారా అమ్మా? కూచోండి. ముందు మజ్జిగ తాగండి," అన్నాడు.

అవ్వ కూర్చోలేదు. "మజ్జిగ తాగే మొగం కాదప్పా నాది. ఒక మాట చెప్పిపోదామని వచ్చినా. ఆ సీసాలో చెనిక్కాయ నూనె పోసింది నేను. బిడ్డ మంటకు తాళలేక అరుస్తాంటే, గిన్నె తీసుకునే తీరుబడి లేక సీసాలోనే పోసి కుదిలించినా. మా వోడు అదే పూసుకుంటాండాడని తట్టలేదు నాకు. సావుకారు ముందర తట్టింది. తట్టినాక నోరు రాలేదు."

ఆయన మంట ఎగదోయడం ఆపలేదు.

"తెలుసమ్మా."

"ఏం తెలుసు?"

"మీ ఇంట్లో ఎవురో కలిపినారని తెలుసు. నా బిడ్డ సీసా తెచ్చి నా కాళ్ళ కాడ పెట్టినప్పుడే మూత తీసి చూసినా. చెనిక్కాయ నూనె మా ఇంట్లో యాడిదమ్మా? పండగ పూట కొంటే గొప్ప."

"మల్ల ఎందుకు ఒప్పుకుంటివి? చెయ్యని పని నెత్తిన ఎందుకు పెట్టుకుంటివి?"

"లేదంటే ఏమవుతాది? అది ఆ సీసా పట్టుకోని తిరిగి మీ గడపకొస్తాది. ఎవురు కలిపినారని అడుగుతాది. అడిగినాక ఆ ఇంట్లో ఎట్ల కాపురం చేస్తాది? మీ మగ్గం ఎట్ల ఆడతాది? నేను ఏడాదికొక తూరి కనపడేవాణ్ణి. నా మీద కోపం పెట్టుకోని బతకొచ్చులే." ఎండు కసువు ఇంకో పిడికెడు పొయ్యిలోకి తోసి, "మీరూ చెప్పొద్దండమ్మా. చెప్తే నేను చేసిందంతా బూడిద," అన్నాడు.

తర్వాత నా చేయి పట్టుకుని వెలుతురుకు తిప్పి చూశాడు. వేలితో మోచేయి దాకా నిమిరాడు. ఆయన ముఖం విప్పారింది.

"మచ్చ పడలేదు చూడు! మంచి పని చేసినావమ్మా. పసిబిడ్డకు ఉత్తది పుయ్యకూడదు. కలిపే పుయ్యల్ల. నేనున్నా అదే చేద్దును."

అవ్వ అప్పుడు కూర్చుంది. కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. ఆయన తిట్టి ఉంటే ఏడ్చేది కాదేమో.

తిరిగి వచ్చేటప్పుడు బస్సులో, "నీకంతా అర్థమయిందా?" అని అడిగింది. అయిందన్నాను. "అయితే మర్చిపో," అంది. అట్లా మర్చిపోయేదైతే నీకు ఈ కథ ఉండేది కాదు.

ఆయన ఏడాదికోసారి మా ఇంటికి వచ్చేవాడు. కొండ సీతాఫలాలు గంపలో తెచ్చి, వాటి మీద ఒక చిన్న సీసా పెట్టేవాడు. చిన్నమ్మ పండ్లు దించుకుని సీసాను మాత్రం గంపలోనే ఉంచి తిరిగి ఇచ్చేది. "బాగుండావా?" అని ఆయన, "బాగుండా" అని ఆమె. అంతే వాళ్ళ మాట. పోయేటప్పుడు నన్ను పిలిచి, "ఏదీ పాపా, చెయ్యి చూపించు," అనేవాడు. ఆ చేయి చూపించడమంటే నాకు ఒళ్ళు చచ్చిపోయేది. చిన్నమ్మ గడపలో నిలబడి చూస్తూ ఉండేది. నిజం నా నాలుక చివర ఉండేది. చెబితే ఆయన చేసింది బూడిద, చెప్పకపోతే ఆయన కూతురి ముందు దొంగ. ఆయన నవ్వుతూ, "మచ్చే లేదు," అనుకుంటూ ఖాళీ గంపతో పోయేవాడు.

అవ్వ ఆ తర్వాత కొన్నేళ్ళకు పోయింది. ఆఖరు దాకా తలకు నూనె పెట్టుకోలేదు. స్నానం చేయించేటప్పుడు ఆడవాళ్ళు తలకు నూనె పెట్టబోతే చిన్నమ్మ అడ్డుపడింది. "వద్దు, ఆమెకు పనికిరాదు," అంది. ఆ మాటను నేను అప్పుడు పట్టించుకోలేదు.

చిన్నమ్మ నాయన కూడా పోయాడు. కబురు వస్తే చిన్నమ్మ పోయి, కర్మలన్నీ అయ్యేదాకా ఉండి వచ్చింది. కొంగులో ఒక సీసా ముడి వేసుకుని వచ్చింది. దాన్ని పెట్టెలో, చీరల మధ్య పెట్టుకుంది. నేను అప్పటికి పెళ్ళయి, మీ అమ్మను చంకనేసుకుని పుట్టింటికి వచ్చి ఉన్నాను. ఇంకేం అడ్డు, ఇప్పుడు చెప్పేద్దామనుకున్నాను. ఆయనే లేనప్పుడు ఆయన చెప్పొద్దన్న మాట ఎవరి కోసం? మళ్ళీ అనిపించింది, ఇప్పుడు చెబితే ఆమెకు మిగిలేది ఏమిటి, ఇన్నేళ్ళూ ఊరికే కోపం పెట్టుకున్నాననే బాధ తప్ప? రెండు రకాలుగానూ నోరు రాలేదు.

అప్పుడే మీ అమ్మ, అడుగులు నేర్చుకునే వయసు, అరుగు మీది నుంచి పడి మోకాలు గీసుకుంది. ఇప్పుడు మీ తమ్ముడికి గీసుకున్నచోటే. చిన్నమ్మ పెట్టె తెరిచింది. ఆ వాసన ఇల్లంతా పరుచుకుంది. సీసా మూత తీసి, పక్కనున్న చెనిక్కాయ నూనె గిండి అందుకుని, గిన్నెలో ఇంత పోసి, అందులో ఒక చుక్క వేసి వేలితో కలిపింది. తల ఎత్తకుండానే అంది.

"పసిదానికి ఉత్తది మండుతాది. మీ అవ్వ నీకు కలిపినట్లే కలపల్ల. అయితే సీసాలో కాదు, గిన్నెలో."

ఆమె మీ అమ్మ మోకాలికి ఊదుతూ, మెల్లగా పూస్తూ ఉంది. కసువు నూనె వాసనలో పుట్టి పెరిగిన మనిషి. ఆ రోజు సావుకారు ముందు చుక్క వేసినప్పుడే ఆమె ముక్కుకు తెలిసి ఉండాలి. లేదా బస్సులో పోతూ మూత తీసి చూసినప్పుడు. లేదా వాళ్ళ నాయన ఒప్పుకున్నప్పుడు ఆయన ముఖంలో. లేదా అవ్వ తల ఎండిపోయినప్పుడు. లేదా అంతా అయిపోయాక, ఖాళీ ఇంట్లో వాళ్ళమ్మో ఇంకెవరో చెప్పినప్పుడు. ఒక్కొక్కదానికి ఒక్కొక్క అర్థం. మొదటే తెలిసి ఉంటే, ఆమె కూడా మా మగ్గం కోసమే వాళ్ళ నాయనను దొంగను చేసి నిలబెట్టింది, ఏడాదికోసారి ఆ సీసా తిప్పి పంపింది. చివర్లో తెలిసి ఉంటే, ఆయనతో ఒక మంచి మాట ఆడే వేళ దాటిపోయాక తెలిసింది. ఏది తక్కువ బరువో నాకు ఇప్పటికీ తేలదు.

అడిగాను. అడగకుండా ఎట్లా ఉంటాను? ఆమె, "పిల్ల కాలు కదిలిస్తాండాది, గట్టిగా పట్టుకో," అంది. తర్వాత నా ఎడమ చేయి తన ఒళ్ళోకి లాక్కుని, మిగిలిన నూనె ఆ మచ్చ లేని చోటే రాసి, గిన్నె కడగడానికి లేచిపోయింది. ఇంకెన్నడూ ఆ మాట ఎత్తనివ్వలేదు. ఇప్పుడు అడుగుదామన్నా ఆమె లేదు.

నీకు ఎప్పటి నుంచి తెలుసు, చిన్నమ్మా?